ఒక దిక్కు ప్రింటు

నల్లగొండ గడియారం సెంటర్ల నా కొట్టు.
నాలుగడుగుల వెడల్పు, ఒక మిషను, ఒక కుర్చీ.
ఇంటర్ సెకండియర్ లెక్కల గైడును
ఈ అద్దం మీద ఎన్నిసార్లు బోర్ల పండవెట్టిన్నో!
అవకలనం, సమాకలనం
ఆకుపచ్చ వెలుతురు మీదికెల్లి పోయినయ్
నా చేతులకెల్లి పోయినయ్, వేడివేడిగ.
ఒక్క అక్షరం నాకు అంటలే.

మొదటిసారి ఇరవై రెండు మార్కులు, రెండోసారి పంతొమ్మిది.
తగ్గుడు సుత ఒక మార్పేనని
అప్పుడెవ్వరు చెప్పలే.

గైడు నిండ పచ్చరంగు పెన్ను పూసిన
పెండ్లికి గడప పూసినట్టు.
గడపైతే మెరిసింది
ఇంట్లకే ఎవ్వరు రాలే.

పాలిటెక్నిక్‌ల చెప్పి దిగిపోయిన ముత్తిలింగం సారు
పింఛను కాగితాలు కాపీ తీయించుకుంట
నా గైడు దిక్కు చూసి అన్నడు:
"మూయి. మూసినంక ఏం మిగిలిందో రాయి.
మిగలనిదే నీ సిలబస్."

మూసిన.
సైన్‌ది కాస్ అని ఒక్కటి మిగిలింది
అదీ, మనిషి తెల్వకుండ పేరు తెలిసినట్టు.

అప్పటికెల్లి ఖరాబైన కాగితాల వెనక చేసుడు వెట్టిన.
తప్పు వోయినకాడ తేదీ ఏసిన.
మూడు వారాలకు తిరగేస్తే
అవకలనంల వడ్డది తక్కువ, భిన్నాలల్ల వడ్డదే ఎక్కువ.
ఏడో తరగతిల జారిన మెట్టు
ఇయ్యాల మోకాలు పగలగొడుతున్నది.
సిగ్గు పక్కకువెట్టి, తమ్ముని పాత పుస్తకం తెచ్చి
ఛేదాలు, హారాలకాడికెల్లి మళ్ల మొదలువెట్టిన.

నాలుగింటికి చాయ్ తెచ్చే ఇలియాస్‌కు చెప్పిన:
"చాయ్ సల్లారుతది గద,
ఇప్పుడు ఎంత జోరుగ సల్లారుతున్నదో అది అవకలనం."
"ఇప్పుడంటే? నిమిషమా?"
"తక్కువ."
"సెకనా?"
"ఇంక తక్కువ."
"గంత తక్కువల ఏం సల్లారుతది అక్కా, ఏం కొలుస్తవ్?"
ఖాళీ గ్లాసు వట్టుకొని పోయిండు.
షట్టరు దించేదాక నా చెవుల అదే.

బస్టాండుల దేవరకొండ బస్సు నిలవడి ఉన్నది.
ఇంక ఇంజనన్న చాలు కాలే
బోర్డు మీద మాత్రం దేవరకొండ అనే ఉన్నది.
నిలవడ్డకాడనే నిలవడ్డ నేను.
చేరుడు వేరు, ఆ మొఖాన పోవుడు వేరు.
సున్న కాదు, సున్న దిక్కు.
అవధి అంటే ఆ బోర్డు!
గైడుల నాలుగేండ్ల సంది ఉన్న మాటే
నాకు ఆ రాత్రి వినవడ్డది.

చీటీలు కోసిన. చీటికొక లెక్క
ఏ అధ్యాయమో రాయకుండ.
పత్తాల లెక్క కలిపి, గిరాకీ లేనప్పుడు ఒకటి తీసుడు.
అధ్యాయం పేరు చూసి చేసుడంటే
తాళంచెవి చేతుల వెట్టుకొని తలుపు తీసుడు.
పరీక్షల తలుపే ఉంటది.

మిషన్ కడుపుల మీటరున్నది.
అడ్మిషన్ల దినం గంటకు మూడు వందలు
వానవడ్డ సాయంత్రం నాలుగు.
గంట గంటకు బిల్లు చూసి గీత గీసిన
గీత కింద మొత్తం కూడిన.
మీటరు అంకెకు పది తక్కువొచ్చింది.
ఎంతసేపు చూసినా అర్థం కాలే.
తర్వాత చెత్తబుట్ట యాదికొచ్చింది
ఒంకరగ వచ్చి, బిల్లెయ్యని కాపీలు
లెక్కవెడితే సరిగ్గ పది.
ఎవ్వరు లేరు కొట్టుల. ఒక్కదాన్నే నవ్విన.

నిన్న ఒక పిల్ల వచ్చింది, అదే గైడు వట్టుకొని.
"మొత్తం కొట్టు అక్కా."
ఒక దిక్కే కొట్టి ఇచ్చిన.
"రెండు దిక్కుల కొట్టరాదు, పైసలు తక్కువైతయ్."
"పైసలు తక్కువనే తీసుకుంట. ఆ దిక్కు నీది" అన్న.
ఎగాదిగ చూసి, మూతి ముడుచుకొని
పక్క కొట్టుకు పోయింది.

గంటకు ఒక గిరాకీ తగ్గింది.
రుణగుర్తు.
రాసుకున్న.